‘రేపు’ పత్రికలో నూతి కింది ఊరు

మా పత్రిక పేరు ‘రేపు’. పేరు పెట్టిన మొదటి నెల్లోనే దాంతో చిక్కొచ్చింది. పిఠాపురంలో మా పాఠకులు ఒకరుండేవారు, ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. ఆయన ఒక మనిషిని పిలిచి "ఉప్పాడ వెళ్లి, రేపు వచ్చిందేమో కనుక్కు రా" అని పంపారట. మా ఆయన కొట్లో కూర్చుని తూకం వేస్తూ "ఇంకా రాలేదు, ఎల్లుండి వస్తుంది" అన్నారు. వచ్చినవాడు మా ఆయన మొహంకేసి కాసేపు చూసి, దణ్ణం పెట్టి, వెనక్కి తిరగకుండా వెళ్లిపోయాడు.

ఆ పత్రిక గురించి తలుచుకుంటే హాయిగా నవ్వొచ్చే సంగతి అదొక్కటే.

ఉప్పాడలో మాది కిరాణా కొట్టు. బియ్యం, ఉప్పు, చింతపండు, వలలకి పురికొస, పడవలకి పూసే తారు అమ్మేవాళ్లం. మా నాన్నకి నేనొక్కదాన్నే కావడం వల్ల మా ఆయన ఇల్లరికం వచ్చారు. కొట్టు పనికి అక్కరకొస్తానని నాన్న నాకు చిన్నప్పుడే చదవడం, రాయడం నేర్పించారు. సామర్లకోటకి రైలు కొత్తగా వచ్చిన రోజులవి. బండి కూత వినడానికి జనం మూటలు కట్టుకుని వెళ్లేవారు.

నెలకో ఆదివారం మధ్యాహ్నం మా అరుగు మీద ముగ్గురు చేరేవారు. మా ఆయన, ఊళ్లో బడి నడిపే మాస్టారు, కాకినాడ తంతి ఆఫీసులో పనిచేసే ఆయన. నేను గుమ్మానికి లోపలివైపు, తలుపు చాటున పీట వేసుకుని కూర్చునేదాన్ని. తంతి ఆఫీసాయనకి రేవులో దొరలు చదివి పారేసిన ఇంగ్లీషు పుస్తకాలు దొరికేవి. వాటిలో ఇంకా జరగని సంగతులు జరిగినట్టే రాసేవారట. ఎడ్లు లేని బళ్లు, నూనె లేని దీపాలు, గాల్లో పోయే ఓడలు. ఆయన చెబుతుంటే కొట్టు కట్టేయడం కూడా మరిచిపోయేవారు మావారు.

"మనమే ఎందుకు రాయకూడదూ" అని మొదట అన్నది మాస్టారు.

"లేనిది ఉన్నట్టు రాయడం పురాణాల్లో ఉందిగా" అన్నాను నేను లోపల్నుంచి.

"అది నిన్నటిదమ్మా. మనం రాసేది రేపటిది. దేవుడు చేశాడని గానీ, దెయ్యం చేసిందని గానీ రాయకూడదు. వింత రాస్తే అది ఎలా జరిగిందో కూడా చెప్పి తీరాలి" అన్నారు మాస్టారు.

పేరూ అప్పుడే వచ్చింది, నియమమూ అప్పుడే వచ్చింది. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని రాసే పని నాకిచ్చారు. సంచికకి ఒక్కటే ప్రతి. కాగితాలు మడిచి, కొట్లో పురికొసతో కుట్టి, పైన మైనపుగుడ్డ చుట్టి పంపేవాళ్లం. అది పిఠాపురం వెళ్లి, అక్కణ్ణుంచి సామర్లకోట స్టేషన్లో ఒకాయన దగ్గరికి, ఆయన దగ్గర్నుంచి కాకినాడ తంతి ఆఫీసాయనకి చేరి, ఆయనతో పాటు తిరిగి మా అరుగెక్కేది. వచ్చేటప్పటికి ఒక పేజీకి నూనె, ఒక పేజీకి వక్కపొడి, అంచుల్లో జనం రాసిన అభిప్రాయాలు. పిఠాపురం గుమాస్తాగారు ప్రతి కథ కిందా "అసంభవం" అని రాసేవారు. తరవాతి సంచిక కోసం అందరికంటే ముందు మనిషిని పంపేదీ ఆయనే.

మాస్టారు వ్యాసాలు రాసేవారు. మా ఆయన ఒక బండి కథ రాశారు. తనంతట తాను పరిగెత్తే బండి అది, ఆపడం మాత్రం ఎవరికీ తెలీదు. తంతి ఆఫీసాయన కథలో ఒక మనిషి తీగలోకి టకటకా కొట్టబడి, మద్రాసులో మళ్లీ మనిషిగా దిగుతాడు. దిగినవాడు అచ్చంగా వాడే గానీ, ఇంట్లో కుక్క మాత్రం వాణ్ణి చూసి మొరుగుతుంది. అది చదివి నేను చాలారోజులు తీగల స్తంభాల కింద నడవలేదు.

ఒకనెల ఆయనకి సెలవు దొరకలేదు. ఆయన కోసం వదిలిన కాగితాలు తెల్లగా మిగిలిపోయాయి.

"ఇదిగో, నువ్వేదైనా రాయి" అన్నారు మావారు.

"ఏం రాయను?"

"రేపటి గురించి."

"మన ఊరికి రేపేముందండీ? సముద్రమేగా."

"అయితే అదే రాయి."

ఉప్పాడలో ఇల్లు కట్టేవాళ్లు గుమ్మం ఏ దిక్కున పెట్టాలని చూడరు, సముద్రానికి ఎంత ఎడంగా కట్టాలని చూస్తారు. మా తాత కట్టిన ఇల్లు నేను పుట్టకముందే నీళ్లలోకి పోయింది. నాన్న కట్టింది నాకు ఊహ తెలిశాక పోయింది. ఆ ఇంటి నుయ్యి మాత్రం పోలేదు. చుట్టూ ఇసక కోసుకుపోయేసరికి, భూమిలో ఉండాల్సిన నూతి వరలన్నీ బయటపడి, ఒడ్డున గొట్టంలా నిలబడ్డాయి. పోటు వేళ అలలు దాని నడుం దాకా వచ్చేవి. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు పొరుగూరి వాళ్లు చూసి "ఈ బురుజు ఎవరు కట్టారండీ" అని అడిగేవారు.

ఆ వారమే మాస్టారు బళ్లో ఒక వింత చూపించారు. గంగాళంలో నీళ్లు పోసి, అరటిదొప్పలో చిన్న వత్తి వెలిగించి వదిలి, దాని మీద గాజుగ్లాసు బోర్లించి లోపలికి అదిమారు. దీపం నీటి కిందికి దిగింది, ఆరిపోలేదు. కాసేపు అక్కడే నిదానంగా వెలిగింది.

నేను రాసిన కథ ఆ రెండిటిలోంచి పుట్టింది. వందేళ్ల తరవాత సముద్రం ఉప్పాడని పూర్తిగా తినేస్తుంది. జనం ఊరు వదలరు. పెద్ద గాజు గోపురం కింద, సముద్రం అడుగున, పోయిన వీధుల్లోనే మళ్లీ కాపురం పెడతారు. గాలి ఎలా వస్తుందంటే మా పాత నూతి గొట్టంలోంచి. నాయనమ్మ చెప్పిన వీధుల పేర్లన్నీ అందులో పెట్టాను. మాస్టారు పక్కన "శాస్త్రసమ్మతం" అని రాశారు. పిఠాపురం నుంచి "అసంభవం. తరువాయి ఎప్పుడు?" అని వచ్చింది.

అలా నెలనెలా రాయడం మొదలైంది.

నాకొక అలవాటుండేది. రాసింది పైకి చదువుకుంటే గానీ తప్పులు తెలిసేవి కావు. మా దొడ్డి వసారాలో కూర్చుని చదివేదాన్ని. మధ్యాహ్నం చేపలు అమ్ముకుని వచ్చే ఆడవాళ్లు, మేం నీచు తినమని బుట్టలు వీధి చివర ఇసకలో దించి, దొడ్డిదారిన సరుకులకి వచ్చేవారు. కొట్లో రద్దీ తగ్గేదాకా తాటాకు పందిరి కింద కూర్చునేవారు. మొదట్లో నేనేదో పురాణం చదువుతున్నాననుకున్నారు. వీధుల పేర్లు వినబడేసరికి మాటలాపేశారు.

"మా అత్త ఇల్లు చింతచెట్టు పక్కన కాదమ్మగారూ, దానికి ఎదురుగా" అంది అందరిలోకీ పెద్దావిడ. "ఆ చెట్టు కూడా పెట్టండి. కాసింత నీడుంటది."

చెట్టు పెట్టాను. తరవాతి నెల ఇంకొకరి అరుగు, మరొకరి వల ఆరేసుకునే రాటలు. పోయిన ఊరు నా కాగితాల మీద ఇల్లు ఇల్లుగా లేచింది. మాకెవరికీ అందులో భయపడేది ఏదీ కనిపించలేదు.

వాళ్లలో ఒక పిల్ల నా ఈడుది. అంతకుముందు గాలివానలో ఆమె మొగుడు వేటకెళ్లిన పడవ తిరిగి రాలేదు. విరిగిన పలక ఒకటి ఒడ్డుకొచ్చింది, మనుషులు రాలేదు. శవం చూడకుండా గాజులు తియ్యకూడదని పెద్దవాళ్లు అన్నారు కాబట్టి చేతికి గాజులున్నాయి, ఒళ్లో పాలు తాగే ఆడపిల్ల ఉంది. ఒక మధ్యాహ్నం అందరూ వెళ్లాక ఆగిపోయింది.

"మా మావని కూడా రాయండమ్మగారూ."

"ఎక్కడ?"

"ఆ కింద ఊళ్లో. ఎక్కడో ఒకచోట. ఎడం చెవి తమ్మె చిరిగుంటదండి, చిన్నప్పుడు పోగు వలకి చిక్కుకుని. పాట మాత్రం పాడించకండి, ఊరంతా పారిపోద్ది."

నవ్వింది. నాకు ఏం చెయ్యాలో తెలీక అరుగు మీదివాళ్లని అడిగాను.

"అది వందేళ్ల తరవాతి కథ కదండీ. ఇప్పటి మనిషి అందులో ఎలా ఉంటాడు?" అన్నారు తంతి ఆఫీసాయన.

ఈ మాట నేను ఆమెకి చెప్పాను. ఆమె ఆలోచించనైనా లేదు. "రేపటికి ఉంటాడనే కదండీ రాయమంటున్నాను" అంది.

నియమం ప్రకారం నేనొక ‘ఎలా’ కనిపెట్టాను. అంత నీటి బరువు కింద కాలం కూడా నెమ్మదిగా నడుస్తుందని రాశాను. పైన ఏళ్లు గడిస్తే కింద నెలలు. అందుకని ఇవాళ మునిగినవాడు వందేళ్ల తరవాత కూడా అదే ఈడులో ఉంటాడు. అతన్ని నూతి గొట్టం దగ్గర కాపలా పెట్టాను. గాలి సరిగ్గా దిగుతోందో లేదో చూసుకుంటూ, కొబ్బరిపీచుతో గాజు గోడ లోపలివైపు తుడుస్తుంటాడు. చదివినప్పుడు ఆ పిల్ల కళ్లు మూసుకుని విని, చివర్లో "తుడుస్తాడండి. పని బద్ధకం లేదు" అంది.

ఆ తరవాత మిగతావాళ్లు ఊరుకుంటారా? పెద్దావిడ సముద్రంలో పోయిన తన చిన్నకొడుకుని రాయమంది. ఇంకొకామె తమ్ముణ్ణి. మాస్టారికి నచ్చలేదు. "ఇది శాస్త్రమా, పేరంటమా?" అని ఒక ఆదివారం కోప్పడ్డారు. అప్పటికే పత్రిక అరుగు మీద నుంచి దొడ్లోకి వెళ్లిపోయింది.

నాకు మొదటిసారి ఒళ్లు జలదరించింది ఎండలోనే. నీళ్లు బాగా వెనక్కి తగ్గిన ఒక పగలు, ఆడవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి ఆ నూతి వరలకి చెవి ఆనించి వింటున్నారు. ఎవరూ ఏడవడం లేదు. పొరుగింటికి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చినట్టు వస్తున్నారు. వాళ్లు వెళ్లాక నేనూ చెవి ఆనించాను. లోపల సముద్రం హోరే. కాకపోతే బయట అల విరిగిన తరవాత ఒక్క క్షణం ఆగి లోపల విరిగేది. ఎవరో బయటి చప్పుడు విని, నేర్చుకుని, మళ్లీ పలుకుతున్నట్టు. మాస్టారిని అడిగితే ప్రతిధ్వని అన్నారు. అదే అయ్యుంటుంది. రెండోసారి మాత్రం నేను వినలేదు.

ఇలా మూడు వానాకాలాలు గడిచాయి.

ఒక వేసవి మిట్టమధ్యాహ్నం పందిరి కింద పాత భాగం ఒకటి మళ్లీ చదువుతున్నాను. ఎదురుగా ఉన్నవాళ్లు ఒక్కసారి బిగుసుకుపోయినట్టనిపించి తలెత్తాను. దొడ్డిగుమ్మంలో ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా, నెత్తిన గుడ్డ, కాళ్లకి పిక్కల దాకా తడి ఇసక. కాకినాడ వైపు నుంచి ఒడ్డు వెంబడి నడిచొచ్చినట్టున్నాడు. లోపలికి రావడం లేదు. మెడ కొంచెం పక్కకి వంచి నా చదువు వింటున్నాడు. వంచిన వైపు చెవి తమ్మె చిరిగి ఉంది.

నా నోట మాట ఆగిపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి అతన్ని చూసింది. లేవలేదు. నా వైపు తిరిగి అంది: "ఆపకండమ్మగారూ. అయ్యేదాకా చదవండి."

చదివాను. కాగితం మీద అక్షరాలు కదిలిపోతున్నాయి. ఆపితే ఆ మనిషి ఉండడేమోనని ఆమెకెంత భయమో, నాకూ అంతే భయం. చివరి వాక్యం అయిపోయింది. అతనింకా అక్కడే ఉన్నాడు. అప్పుడు ఆ పిల్ల లేచి వెళ్లి, మొహం కాదు, ఆ చెవి పట్టుకుని చూసింది.

కొట్లో మావారి ముందు, మాస్టారి ముందు అతను చెప్పిన దాంట్లో వింతేమీ లేదు. గాలివానలో పడవ విరిగింది. దుంగ పట్టుకుని తేలుతుంటే రంగూన్ పోయే ఓడవాళ్లు పైకి లాగారు. మావాళ్లు రంగం అని పిలిచే ఆ ఊళ్లో కలప కోసే మిల్లులో పని చేశాడు. జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడున్నాడు. లేచాక కూలీలు తిరిగొచ్చే ఓడెక్కి కాకినాడలో దిగాడు.

"చూశారా, దేనికైనా ఒక ‘ఎలా’ ఉంటుంది" అన్నారు మాస్టారు సంతోషంగా.

"వెళ్లి ఎన్నాళ్లయిందనుకుంటున్నావు?" అని మావారు అడిగారు.

"ఏడాదవుద్దేమోనండి."

ఈలోగా ఒక చిన్నపిల్ల పరిగెత్తుకొచ్చి వాళ్లమ్మ చీర పట్టుకుంది. అతను ఆ పిల్లని చూసి "ఎవరి పిల్ల?" అని అడిగాడు. అతను వెళ్లేనాటికి పాలు తాగుతున్న అతని కూతురే అది. తరవాత మాస్టారు, జ్వరంలో లెక్క తప్పి ఉంటుందన్నారు.

ఊళ్లో ఎవరికీ రంగం కథ అక్కర్లేదు, కింద ఊరి నుంచే వచ్చాడనుకున్నారు. పడవవాళ్లు అతన్ని వేటకి రానివ్వలేదు. సముద్రం ఒకసారి తన మనిషి అనుకున్నవాణ్ణి మళ్లీ పడవెక్కించుకుంటే, అది పడవంతటినీ అడుగుతుందన్నారు. ఆడవాళ్లు దారిలో ఆపి, నీళ్లలో పోయిన తమవాళ్ల క్షేమం అడిగేవారు.

"నేను రంగం వెళ్లాను పిన్నీ" అనేవాడు.

"ఆ మాట చెప్పమని పంపారా నిన్ను?" అంది పెద్దావిడ.

మొదట్లో విసుక్కునేవాడు. తరవాత ఊరుకోవడం మొదలెట్టాడు. పని లేక మా పందిరి కింద కూర్చుని వలలు బాగుచేసిపెట్టేవాడు. ఒక మధ్యాహ్నం పెద్దావిడ మళ్లీ అతని పక్కన కూలబడి, ఇక అడగకుండా, ఊరికే అతని చేతులకేసి చూస్తూ కూర్చుంది. అతను వల మీదనుంచి చూపు తిప్పకుండా మెల్లగా అన్నాడు:

"ఉన్నాడు పిన్నీ. బాగానే ఉన్నాడు. పైన పడవ పోతుంటే అడుగు నల్లగా కనబడేది. కనబడ్డప్పుడల్లా తాడుకి ఒక ముడి వేసేవోణ్ణి. మీ వోడు ఆ ముడి తడిమి ఎవరి పడవో చెప్పేవోడు."

నేను తలుపు వెనక ఉన్నాను.

ఆ ముడుల తాడు నేను రాసిందే. అయితే ఆ భాగం దొడ్లో ఎవరికీ చదవలేదు. అతను రావడానికి ముందు నెల, దాన్ని రాసిన రోజుల్లో అకాలపు ముసురు పట్టి ఆడవాళ్లు రాలేదు. తలుపు వేసుకుని, ఒక్కదాన్నే, తప్పులు చూసుకోవడానికి ఒకసారి పైకి చదివి, మైనపుగుడ్డ చుట్టి పంపేశాను. అతను ఓడ దిగేనాటికి ఆ సంచిక ఇంకా ఊళ్లు తిరుగుతూనే ఉంది.

పెద్దావిడ వెళ్లాక బయటికొచ్చి అడిగాను.

"ముడుల సంగతి నీకెవరు చెప్పారు?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. "మీరేగదండీ."

"నేనెప్పుడు చెప్పాను?"

"రంగం ఆసుపత్రిలో జ్వరంతో ఉన్నప్పుడండి. ఎవరో ఆడమనిషి చదువుతా ఉండేవోరు. మొదట నర్సమ్మనుకున్నాను. ఆళ్లకి మన మాట రాదు గదండి. మన వీధులు, మన నుయ్యి, నా చెవి, అన్నీ చెప్పేవోరు. అది వినబడినంతసేపూ ఊపిరాడేది. ఆగిపోతే ఎవరో గుండె మీద కూర్చున్నట్టుండేది. ఆ రోజు దొడ్డిగుమ్మంలో వినేదాకా, ఎవరి గొంతో తెలీదండి." వల పక్కన పెట్టి, కొంచెం సిగ్గుపడుతూ అడిగాడు: "తరవాతేమైందండీ?"

"దేని తరవాత?"

"ముడులతో తాడు నిండిపోద్ది కదండీ. అక్కడ ఆగిపోయారు. నాకు జ్వరం తగ్గిపోయింది."

నేను ఆపింది అక్కడే.

ఆదివారం అరుగు మీదివాళ్లకి చెబితే మాస్టారు ఆలోచించి, కాకినాడలో దిగినప్పుడు ఎవరో చదివి వినిపించి ఉంటారన్నారు. తంతి ఆఫీసాయన తల అడ్డంగా ఊపారు. సంచిక తన దగ్గరికింకా చేరనే లేదు, సామర్లకోటలోనే ఉంది.

అప్పణ్ణుంచి అతను రోజూ నూతి దగ్గరికి వెళ్లడం మొదలెట్టాడు. నీళ్లు తగ్గితే చాలు, ఆ వరలకి చెవి ఆనించి కూర్చునేవాడు. అన్నానికి పిలిస్తే వినిపించుకునేవాడు కాదు. కొన్నాళ్లు చూసి ఆ పిల్ల నా దగ్గరికొచ్చింది.

"మనిషొచ్చాడు గానీ అమ్మగారూ, చెవి ఇంకా అక్కడే ఉంది."

"నన్నేం చెయ్యమంటావే?"

"తీసుకెళ్లింది మీరు కాదు. నాకు తెలుసు. కానీ ఉన్నాడని రాసింది మీరేగదండీ. వచ్చేశాడని కూడా రాయండి. మళ్లీ పోకుండా రాయండి."

ఆ భాగం రాయడానికి పట్టినంత కాలం నాకు దేనికీ పట్టలేదు. కాపలా మనిషి నూతి గొట్టంలోంచి వరలు పట్టుకుని ఒక్కొక్కటిగా ఎక్కుతాడు. పైకొచ్చేసరికి ఎండ. ఇంటికి నడిచి వెళతాడు. కిందికి మళ్లీ దిగే వీల్లేకుండా గొట్టం మూతికి రాయి పెట్టి, సున్నంతో పూడ్చేస్తాడు. మావారు కాగితాలు కత్తిరించి ఇస్తూ "ఇది రాస్తే పత్రిక సంగతేంటి?" అన్నారు. నేను కాగితాలు అందుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

పందిరి కింద అందరూ వచ్చిన రోజు చదివాను. అతను కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని విన్నాడు. సున్నం పూసిన చోటికి వచ్చేసరికి గట్టిగా ఊపిరి వదిలాడు. బరువు దించుకున్నవాడిలా భుజాలు జారాయి. "అయిపోయిందాండీ?" అన్నాడు. అయిపోయిందన్నాను. పిల్లని ఎత్తుకుని, భార్య వెనకాలే ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తరవాత అతను నూతి వైపు వెళ్లడం నేను చూడలేదు.

మిగతావాళ్లు లేవలేదు. పెద్దావిడ నా మొహంలోకి చూస్తూ అడిగింది.

"గొట్టం మూసేస్తే మావాళ్లకి గాలెలాగమ్మా?"

మా పత్రిక నియమం ప్రకారం అది న్యాయమైన ప్రశ్న. నేను జవాబు వెతుక్కుంటుండగానే ఆవిడ లేచి, సరుకులు తీసుకోకుండా వెళ్లిపోయింది. మరునాడు ఇంకో గొట్టం ఉందని రాసి, ఆవిడ ఇంటికి మనిషిని పంపాను. ఆవిడ రాలేదు. అవతలి అమావాస్య పోటుకి ఆ నుయ్యి కూలిపోయింది. వరలు ఒడ్డంతా చెల్లాచెదురుగా పడ్డాయి. ఎన్నో ఏళ్లుగా కూలడానికి సిద్ధంగానే ఉందని మాస్టారు పదిమందికీ చెప్పారు. ఆయన చెబుతున్నప్పుడు ఆడవాళ్లు మా ఇంటివైపు చూస్తున్నారు.

దొడ్లోకి ఎవరూ రావడం మానేశారు. సరుకులు వీధి వైపు నుంచే, మావారి దగ్గరే తీసుకునేవారు. తంతి ఆఫీసాయనకి బెజవాడ బదిలీ అయింది. మావారు ఇంకొక్క సంచిక వేద్దామని చూశారు గానీ మాస్టారి వ్యాసం తప్ప ఏమీ రాలేదు. ఒక్క వ్యాసానికి పురికొస దండగన్నారు మాస్టారే. ‘రేపు’ అలా ఆగిపోయింది. పిఠాపురం గుమాస్తాగారు మాత్రం కొన్నేళ్లపాటు కబురంపుతూనే ఉన్నారు. ఆ తరవాత మా ఇంటి గోడ దాకా ఇసక కోసుకొచ్చింది. మేం సామర్లకోట స్టేషన్ దగ్గరికి కొట్టు మార్చేశాం. అక్కడ సముద్రం లేదు, కంకర కింద నేల గట్టిది. రైలు వచ్చినప్పుడు మాత్రం సీసాలు గలగలలాడేవి.

చాలాకాలానికి ఆ పిల్ల సామర్లకోట వచ్చింది. పిల్లంటున్నాను గానీ అప్పటికి ఇద్దరికీ తల నెరుస్తోంది. ఎండుచేపలు అమ్ముకుని, తిరుగు ప్రయాణంలో కొట్టు వెతుక్కుంటూ వచ్చి, బుట్ట రోడ్డు అవతల దించి, గుమ్మం ముందు నిలబడింది. లోపలికి పిలిచి మజ్జిగ ఇచ్చాను.

"ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడండి. పడవవాళ్లు మళ్లీ రానిచ్చారు. పిల్లకి పెళ్లి చేశాం. ఆ సంగతులేవీ ఎత్తడు. అడిగితే రంగం అంటాడు."

"పెద్దావిడ?"

"పోయిందండి." గ్లాసు చేతిలో తిప్పింది. "మీరు రాయడం మానేసినా ఆడవాళ్లు ఆ కథ మానలేదమ్మగారూ. వల అల్లేటప్పుడు చెప్పుకుంటారు. దాంట్లో గొట్టం పూడ్చలేదు. పెద్దావిడ కూడా ఇప్పుడు అక్కడే ఉంది, కొడుకు దగ్గర. కొత్తగా పోయినవాళ్లంతా ఉన్నారు."

"మంచిదే" అన్నాను. నిజంగానే మంచిదనిపించింది.

"మీరు కూడా ఉన్నారండి."

"నేనా? నేనేం చేస్తుంటాను?"

"చదువుతా ఉంటారండి. మీరు చదివితేనే గాలి దిగుద్దంట."

వీధిలో ఎండ తెల్లగా కాస్తోంది. నన్నెవరు అక్కడ పెట్టారని అడిగాను. నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినిపించింది.

"ఎవరూ పెట్టలేదంటండి. మొదట్నుంచీ అక్కడే ఉన్నారంట."

బండి వచ్చే వేళైంది. ఆమె గ్లాసు కడిగి బోర్లించి, కొంగున కట్టుకున్న బెల్లం ముక్క నా చేతిలో పెట్టి, మా మనవలకి ఇవ్వమని చెప్పి వెళ్లిపోయింది. నేను చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. కొట్లోంచి మావారు రెండుసార్లు పిలిచారట. నాకు వినబడలేదు.